నీళ్ళనెందుకు తప్పు పడతారు?

మన ఇళ్ళల్లో ఈమధ్య కొత్త వంట ఒకటి మొదలైంది. నీళ్ళ వంట! అన్నానికీ కాదు, కాఫీకీ కాదు. హాల్లో సోఫా పక్కన పెట్టుకున్న గాజు తొట్టెలోని నాలుగు చేపల కోసం. నీళ్ళు మరగబెట్టడం, చల్లార్చడం, తేర్చడం, సీసాలోంచి చుక్కలు లెక్కపెట్టి వెయ్యడం, రంగు కాగితం ముంచి చూడడం, పెదవి విరవడం, మళ్ళీ చుక్కలు వెయ్యడం... పసిపిల్లకి పాలు కలిపేటప్పుడు కూడా మనం ఇంత హైరానా పడి వుండం.

ఎందుకమ్మా ఇదంతా అని అడిగితే అందరిదీ ఒకటే పాట. "మన నీళ్ళు మంచివి కావుట! గట్టి నీళ్ళుట! చేపలు బతకవుట!"

ఈ "ట"లన్నీ ఎక్కణ్ణించి వచ్చాయో ఆరా తీశాను. చేపలమ్మే దుకాణం నుంచి! చేపల్ని అమ్మేటప్పుడు ఆ మాట ఎత్తడు. వారం తిరక్కుండా అవి వెల్లకిలా తేలాక, మనం లబోదిబోమంటూ వెళితే, అప్పుడు గంభీరంగా తల పంకించి చెబుతాడు. "మీ నీళ్ళు బాగాలేవమ్మా! ఈ సీసా తీసుకెళ్ళండి." సీసాతోపాటు ఇంకో పది చేపలు. వాటితోపాటు ఇంకో సీసా. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందంటే అర్థముంది. ఇక్కడ మద్దెల అమ్మినవాడే మద్దెలకి వైద్యం కూడా అమ్ముతున్నాడు!

అందుకని ఇవాళ నేను నీళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. పాపం, నీళ్ళకి నోరు లేదు కదా.

మాది పాతబస్తీ. ఇక్కడ నీళ్ళని వాసన చూసి, నాలిక మీద వేసుకుని, ఇవి "మీఠా పానీ", ఇవి "ఖారా పానీ" అని చెప్పగల ముసలమ్మలు ఇంకా వున్నారు. మా పేటల పేర్లు చూడండి. హరిబౌలి, దూద్‌బౌలి. బౌలి అంటే దిగుడుబావి. నీళ్ళ పేరు పెట్టుకుని బతికిన బస్తీ ఇది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మీర్ ఆలం ఇరవై ఒక్క కమానుల గట్టు కట్టించి చెరువు నింపితే, వందేళ్ళపాటు ఈ బస్తీ ఆ నీళ్ళు తాగింది. 1908 సెప్టెంబరులో మూసీ వరదొచ్చి వూరిని ముంచాక, మళ్ళీ అలా కాకూడదని మూసీ మీద ఉస్మాన్ సాగర్ కట్టారు. అది 1920లో పూర్తయింది. మనమంతా గండిపేట అనేది దాన్నే. 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ వచ్చింది. ఆ తర్వాత మంజీరా వచ్చింది, కృష్ణ వచ్చింది, గోదావరీ వచ్చింది. నల్లా తిప్పితే పడే ఆ చెంబెడు నీళ్ళ వెనక ఇంత కథ వుంది. దాన్ని పట్టుకుని "బాగాలేవు" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే నాకు కోపం రాదూ?

ఇంతకీ గట్టి నీళ్ళంటే ఏమిటి? మన భాషలో చెప్పుకుందాం. కందిపప్పు గంటసేపు ఉడికినా బద్దలు బద్దలుగానే వుంటుందే, ఆ నీళ్ళు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాక, తెట్టెలు కట్టి బకెట్టు అంచున పేరుకుంటుందే, ఆ నీళ్ళు. గీజరు లోపలా, కాచే గిన్నె అడుగునా సున్నం పూత పూసేవి. వాన మేఘంలోంచి దిగేటప్పుడు మెత్తగానే దిగుతుంది. నేల మీద పడ్డాక రాళ్ళ మీదుగా, మట్టిలోంచి, రాతి సందుల్లోంచి ప్రయాణం చేసి కాస్త కాల్షియం, కాస్త మెగ్నీషియం, కాస్త బైకార్బొనేటు మూటకట్టుకుంటుంది. బోరు ఎంత లోతుకి వెళితే ఆ మూట అంత బరువెక్కే అవకాశం వుంది. ఇందులో మురికి ఏముంది? భారతీయ ప్రమాణాల సంస్థ తాగే నీళ్ళల్లో గట్టిదనం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకపోతే మేలనీ, వేరే దారి లేనిచోట 600 దాకా ఒప్పుకోవచ్చనీ చెప్పింది. అంటే మనుషులు నిక్షేపంగా తాగే నీళ్ళే ఇవి.

మా ఇంటి సంపులో నల్లా నీళ్ళూ బోరు నీళ్ళూ కలుస్తాయి. మా మేనకోడలు పరీక్ష చేసే కిట్టు తెచ్చి చూసింది. పి.హెచ్. 8. గట్టిదనం 18 డిగ్రీలు. ఒక డిగ్రీ అంటే లీటరుకి పద్ధెనిమిది మిల్లీగ్రాములకి కాస్త తక్కువ. అంటే మొత్తం 320 దగ్గర. కార్బొనేట్ గట్టిదనమని వేరే ఒకటుంది, అది 14 డిగ్రీలు. ఈ మూడో అంకెని గుర్తుంచుకోండి. దుకాణంవాడు దీని సంగతి ఎప్పుడూ చెప్పడు. వాడి వ్యాపారమంతా మీకిది తెలియకపోవడం మీదే నడుస్తోంది.

పి.హెచ్. అంటే నీళ్ళు పులుపు వైపున్నాయా, క్షారం వైపున్నాయా అని చెప్పే కొలత. ఏడు మధ్య. దిగితే పులుపు, ఎక్కితే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పదింతలు తేడా. దుకాణంవాడిచ్చే సీసాలో వుండేది ఏదో ఒక ఆమ్లం. రెండు మూతలు పోస్తే పి.హెచ్. దిగుతుందన్నది వాడి వాదం.

దిగుతుందా? వంటింట్లోకి రండి, చూద్దాం. గ్లాసెడు నీళ్ళల్లో చెంచాడు వంటసోడా కలపండి. అందులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. బుస్సుమని పొంగుతుంది. నాలిక మీద వేసుకు చూస్తే పులుపే వుండదు. ఇంకో నాలుగు చుక్కలు పిండండి. మళ్ళీ బుస్సు. సోడా వున్నంతసేపూ అది నిమ్మరసాన్ని మింగేస్తూనే వుంటుంది. వంటసోడా అంటే బైకార్బొనేటే. మన నీళ్ళల్లో కరిగివున్నదీ ఆ జాతిదే. ఆ మూడో అంకె కొలిచేది దాన్నే. బి.ఏ. చదివి కథలు రాసుకునే నాకే ఇది అయిదు నిమిషాల్లో అర్థమైంది. రోజూ పులిహోర కలిపే మీకు అర్థం కాకపోవడమేమిటి?

ఇక తొట్టెలో ఏమవుతుందో చూడండి. రాత్రి సీసాలోంచి పోస్తారు. కాస్సేపు పి.హెచ్. దిగినట్టే కనిపిస్తుంది. ఆమ్లమూ బైకార్బొనేటూ కలిసి పుట్టిన బొగ్గుపులుసు గాలి నీళ్ళల్లో వున్నంతసేపే ఆ సంబరం. బుడగల మోటారు దాన్ని తరిమేస్తుంది. తెల్లారేసరికి పి.హెచ్. మళ్ళీ దాదాపు మొదటికే వస్తుంది. మళ్ళీ పోస్తారు. మళ్ళీ దిగి మళ్ళీ ఎక్కుతుంది. పాపం ఆ చేప! ఎనిమిది దగ్గర వుంటే ఎనిమిదికి అలవాటు పడేది. ఏడు దగ్గర వుంటే ఏడుకి పడేది. రోజుకి రెండుసార్లు రంగులరాట్నం ఎక్కిస్తే ఏం చేస్తుంది? ఇలా పోసీ పోసీ ఒకనాడు బైకార్బొనేటు పూర్తిగా అయిపోతుంది. ఆ రోజు అదే రెండు మూతలు పోస్తే పి.హెచ్. నూతిలో పడ్డట్టు పడిపోతుంది. కొన్ని సీసాల్లో ఫాస్ఫేటు వుంటుంది. అది గట్టి నీళ్ళల్లో పడితే నీళ్ళు తెల్లగా మసకబారతాయి. పైగా నాచుకి మంచి ఎరువు. కొండనాలికకి మందేస్తే వున్న నాలిక వూడటమంటే ఇదే.

అసలు గట్టిదనం మాటేమిటి? ఆ కాల్షియం, మెగ్నీషియం ఎక్కడివక్కడే! సీసా వాటిని ముట్టుకోనైనా ముట్టుకోదు.

"సరే, సీసా వద్దు. మరి మరగబెడితే?" అంటారు మీరు. మరగబెడితే బైకార్బొనేటుతో జతకట్టిన గట్టిదనం సున్నంగా మారి గిన్నె అడుగున పడుతుంది. నిజమే. సల్ఫేటు, క్లోరైడులతో జతకట్టినది మాత్రం మీరు గ్యాసు బండ ఖాళీ చేసినా కదలదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు వున్న తొట్టెలో సుమారు 55 లీటర్లు పడతాయి. వారానికి పావు వంతు మార్చాలన్నా పద్నాలుగు లీటర్లు మరగబెట్టాలి. చేపలకి స్నానానికి వేణ్ణీళ్ళు కాచినట్టుంటుంది.

"పటిక తిప్పితే?" పటికా, చిల్లగింజా నీళ్ళని తేర్చేవి. వరద నీళ్ళల్లో బురద అడుక్కి దించడానికి మన అమ్మమ్మలు వాడేవారు. తేటగా కనిపించే నీళ్ళల్లో కరిగివున్న సున్నం మీద వాటి పాచిక పారదు.

"బాదం ఆకు వేస్తే?" పెరట్లో గొడుగులా పెరిగే ఆ బాదం చెట్టు ఆకే. మంచి ఆకు. ఎండుటాకు వేస్తే నీళ్ళకి తేనీటి రంగొస్తుంది, చేపలకి నీడ దొరికినట్టుంటుంది. కాని దానిలోని కాస్త పులుపునీ ఆ మూడో అంకె ఇట్టే మింగేస్తుంది. అందానికి వేసుకోండి, మెత్తబడతాయని మాత్రం వెయ్యకండి.

"మా అపార్టుమెంటులో సాఫ్టనర్ వుందిగా!" వుంటుంది. అందులో ఉప్పు పోస్తారు, చూశారా? ఆ యంత్రం కాల్షియాన్ని పట్టుకుని దాని బదులు సోడియం వదులుతుంది. మీ సబ్బు నురుగుతుంది, మీ గీజరు బతుకుతుంది. చేపకి మాత్రం ఒక ఉప్పు పోయి ఇంకో ఉప్పు వచ్చింది, అంతే. బైకార్బొనేటూ తగ్గదు, పి.హెచ్.చూ దిగదు. మనకి మెత్తనైన నీళ్ళు చేపకి మెత్తన కావు.

ఇక మిగిలింది ఆర్.ఓ. యంత్రం. ఇది మాత్రం నిజంగానే పని చేస్తుంది. ఆ మాట ఒప్పుకుంటాను. అన్నిటినీ దాదాపుగా వడకట్టేస్తుంది. కాని ఇళ్ళల్లో వాడే మామూలు యంత్రం ఒక లీటరు మంచిగా ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు గొట్టంలోంచి బయటికి వదిలేస్తుంది. వారానికి పద్నాలుగు లీటర్లు చేపలకి కావాలంటే ముప్ఫై నలభై లీటర్లు సింకులోకి! 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్, కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించని చోట అసలీ యంత్రాలే వద్దనీ, వాడేచోట కనీసం అరవై శాతం నీళ్ళయినా మంచిగా దక్కాలనీ ఆదేశించింది. మనుషులు తాగడానికే ఇంత వృథా ఏమిటని న్యాయస్థానం అడుగుతుంటే, మనం అలంకారానికి పెట్టుకున్న తొట్టె కోసం దాన్ని తిప్పుదామా?

ఇక్కడే నా అసలు కోపం. హైదరాబాదులో చాలా వీధుల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. మా సందులో నల్లా వచ్చే వేళకి నిద్ర సగంలో లేచేది ఎవరు? డ్రమ్ములూ బిందెలూ వరసగా పెట్టేది ఎవరు? ఎండాకాలంలో ట్యాంకరు హారను వినగానే కొంగు బిగించి పరుగెత్తేది ఎవరు? తొట్టె కొనుక్కొచ్చేది ఆయనగారు. చేపల్ని ఎంచేది పిల్లలు. వచ్చిన చుట్టాలకి చూపించి గొప్పలు చెప్పుకునేదీ వాళ్ళే. నీళ్ళు కాచి, మోసి, తేర్చి, చుక్కలు లెక్కపెట్టి, తెల్లారి చచ్చిన చేపని చిన్నపిల్ల చూడకుండా తీసి పారెయ్యవలసింది మాత్రం మనం. పైగా ఆ చేప చావుకి కూడా మనమే సంజాయిషీ చెప్పుకోవాలి. "నీళ్ళు సరిగ్గా చూసుకోలేదా?" అని అడుగుతారు! అడగరూ మరి!

మా ఎదురింటి కోడలు పుట్టినరోజు కానుకగా వచ్చిన పది నియాన్ టెట్రాల్ని కాపాడడానికి మూడు వారాలపాటు వంటింట్లో ప్రయోగశాల నడిపింది. పది పోయాయి. మళ్ళీ పది వచ్చాయి. అవీ పోయాయి. "నా చేతిలో ఏదో దోషముంది వదినా" అంటుంది ఆ పిల్ల. వినలేకపోయాను. చేతిలో దోషమేమిటి తల్లీ? నీ చేతిలో వున్నది సీసా. దోషం దానిలో వుంది, దాన్ని అమ్మినవాడి మాటలో వుంది.

నియాన్ టెట్రా ఎక్కడి చేప? దక్షిణ అమెరికాలో అమెజాన్ వైపు అడవి వాగులది. దాని దాయాది కార్డినల్ టెట్రా రియో నీగ్రో నదిది. ఆ నది నీళ్ళు రాలిన ఆకులు నాని నానీ తేనీటి డికాషనులా వుంటాయి. పి.హెచ్. నాలుగూ అయిదూ దగ్గర. ఖనిజాలు దాదాపు సున్న. అలాంటి నీళ్ళకి పుట్టిన వంశాన్ని దక్కను పీఠభూమి నీళ్ళల్లో వేసి, "నీళ్ళు బాగాలేవు" అనడం ఏం న్యాయం? అక్కడికి మన గప్పీని తీసుకెళ్ళి వేస్తే అది చస్తుంది. అప్పుడు రియో నీగ్రో బాగాలేదందామా?

ఆ మాటకొస్తే ఇవాళ మన దుకాణాల్లో వుండే నియాన్లు చాలావరకు ఫారాల్లో పుట్టినవే. ఓ మోస్తరు గట్టి నీళ్ళకి అవి సర్దుకోగలవు. వాటిని చంపేది గట్టిదనం ఒక్కటే కాదు, రోజుకో రకం నీళ్ళు. ఈ సంగతీ దుకాణంవాడు చెప్పడు. చెబితే సీసా అమ్ముడుపోదు మరి!

ఇంకో తమాషా చెప్పనా? తొట్టె అడుగున ఏముందో చూశారా? తెల్లటి పాలరాతి ముక్కలు, విశాఖపట్నం నుంచి తెచ్చిన గవ్వలు, ఆల్చిప్పలు, ఒక పగడపు కొమ్మ. అన్నీ సున్నపు సరుకే! నీళ్ళని పులుపెక్కించిన కొద్దీ అవి కరిగి గట్టిదనాన్ని పెంచుతూనే వుంటాయి. ఒక చేత్తో గట్టిదనం పెంచే రాళ్ళు అమ్మి, రెండో చేత్తో తగ్గించే సీసా అమ్మే తెలివి దుకాణానిది. అనుమానముంటే రాయి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వెయ్యండి. బుడగలొస్తే అది సున్నపు రాయే. మెత్తని నీళ్ళు కోరే తొట్టెలో దానికి చోటు లేదు.

మరి చేపలు అసలెందుకు చస్తున్నాయి? చాలా తొట్టెల్లో ఆ నేరం నల్లాలోని క్లోరిన్‌ది, మన ఆత్రానిది. నీళ్ళు పట్టిన వెంటనే తొట్టెలో పోస్తే క్లోరిన్ మొప్పల్ని కాలుస్తుంది. ఒక రోజు వెడల్పాటి టబ్బులో నిలవుంచితే చాలావరకు పోతుంది. అది చాలని చోట, ఫోటోలు కడిగేవాళ్ళు వాడిన హైపో పలుకులే మందు. ఇక రెండోది అమ్మోనియా. చేపల మలమూత్రాలూ, మనం ముద్దు చేసి వేసే మేతలో మిగిలినదీ కుళ్ళి అమ్మోనియా అవుతుంది. దాన్ని తినే సూక్ష్మజీవులు ఫిల్టరులో స్థిరపడ్డానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనమేమో సాయంత్రం తొట్టె తెచ్చి, రాత్రికి ఇరవై చేపలు వేస్తాం! పైగా నీళ్ళు క్షారంగా వుంటే అమ్మోనియా విషం ఎక్కువ. పి.హెచ్. ఏడులో కంటే ఎనిమిదిలో ఆ విషపు పాలు ఇంచుమించు పదింతలు. మన నీళ్ళకి నిజంగా వున్న ఇబ్బంది ఇదొక్కటే. దానికి మందు కూడా సీసాలో లేదు. మేత తగ్గించడం, చేపల్ని తక్కువ పెట్టుకోవడం, వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చడం. ఫిల్టరు స్పాంజిని నల్లా కింద తోమెయ్యకుండా తొట్టె నీళ్ళల్లోనే జాడించడం. ఖర్చు లేని వైద్యాలు కదా, ఎవరూ చెప్పరు.

ఇక ముఖ్యమైన మాట. మన నీళ్ళకి సంతోషంగా తలవూపే చేపలు బోలెడున్నాయి. ముర్గీచౌక్ వైపు పిట్టలూ చేపలూ పెంచి అమ్మిన పెద్దాయన ఒకాయన మా వీధిలో వుండేవారు. ఏ గిరాకీ వచ్చినా ఆయనది ఒకటే సలహా. "పానీ మత్ బదలో బీబీ, మఛ్లీ బదలో." నీళ్ళని మార్చకమ్మా, చేపని మార్చు అని. ఇంతకంటే పెద్ద శాస్త్రం నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

గప్పీలు, మోలీలు, ప్లాటీలు, స్వోర్డ్‌టెయిళ్ళు తీసుకోండి. మెక్సికో, మధ్య అమెరికా, ట్రినిడాడ్ వైపు చేపలివి. గట్టి నీళ్ళంటే పుట్టింటి నీళ్ళే చాలావాటికి. మోలీ అయితే కాస్త ఉప్పదనమున్నా వద్దనదు. ఇవి గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కంటాయి. ఓ రోజు పొద్దున్నే నాచు చాటున ఆవగింజల్లాంటి కళ్ళతో ఇరవై పిల్లలు కనిపిస్తే మీ ఇంట్లో పిల్లలు వేసే కేకలు వీధి చివరికి వినిపిస్తాయి. గప్పీకి మన వూరితో ఇంకో చుట్టరికం కూడా వుంది. మలేరియా దోమ గుట్టు రొనాల్డ్ రాస్ విప్పింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులోనే. ఆ దోమ పిల్లల్ని ఇష్టంగా తినే చేప ఇది. అలాగని చెరువుల్లోనూ కాలువల్లోనూ వదలకండి. పరాయి చేప మన చెరువు చేపల నోటి దగ్గర కూడు లాగేస్తుంది. "తొట్టె శుభ్రం చేస్తుందమ్మా" అని అంటగట్టే సక్కర్ చేప అలా వదిలేస్తేనే కదా, ఇవాళ ఆంధ్రలో చేపల రైతులు దెయ్యం చేప అని తల బాదుకుంటున్నది!

ఇంకా పెద్ద తొట్టె, ఓపిక వుంటే ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా సరస్సుల చేపలున్నాయి. ఆ సరస్సుల పి.హెచ్. ఎనిమిది దగ్గర మొదలై తొమ్మిది దాకా పోతుంది. పసుపూ నీలమూ రంగుల్లో మెరిసిపోతాయి. కాస్త జగడాలమారివి, జాగ్రత్త. మన దేశపు చేపే కావాలంటే, కేరళవాళ్ళు కరిమీన్ అని వేయించుకు తినే చేపకి చిన్న చెల్లెలు ఒకటుంది, నారింజ రంగుది. కయ్యల్లో, ఉప్పుటేళ్ళలో పుట్టిన జాతి కనుక గట్టి నీళ్ళకి జంకదు. వీటిలో దేనికీ సీసా అక్కర్లేదు.

"అయినా మా పాపకి ఆ నీలిగీత నియాన్లే కావాలి" అంటారా? కానివ్వండి. దానికీ ఆకాశమే దారి చూపించింది. హైదరాబాదులో ఏడాదికి సగటున 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు అడుగుల డాబా మీద ఏడు వేల లీటర్లకి పైన! వాటిలో రెండు డ్రమ్ములు పట్టుకోలేమా? మొదటి వాన డాబా దుమ్ముని కడగడానికి వదిలెయ్యండి. తర్వాతి వాననీళ్ళు మూత వున్న డ్రమ్ములో పట్టుకోండి. ఒక బిందె నల్లా నీళ్ళకి ఒక బిందె వాననీళ్ళు కలిపితే గట్టిదనం సగమవుతుంది. 18 వున్నది 9 అవుతుంది. ఒకటికి మూడు కలిపితే నాలుగున్నర. ఆ మూడో అంకె కూడా అదే లెక్కన తగ్గుతుంది కనుక పి.హెచ్. తనంతట తనే దిగొస్తుంది. ఉత్త వాననీళ్ళు మాత్రం వద్దు. పట్టి వుంచే బైకార్బొనేటు లేక పి.హెచ్. ఎప్పుడు పడిపోతుందో తెలియదు. ఒకసారి పెట్టుకున్న పాళ్ళు ఇక మార్చకండి. పాత తొట్టెని ఒక్కరోజులో మార్చెయ్యకుండా వారానికి కొంచెంగా మార్చండి. వాననీళ్ళు అయిపోయే వేసవికి ఏం చేస్తారో కూడా ముందే ఆలోచించుకోండి. ఆలోచిస్తే దారి తోచకపోతే, గప్పీలు ఎదురుచూస్తూనే వుంటాయి.

వున్న చోటుని, వున్న గుణాన్ని తప్పు పట్టి, ఎక్కడి కొలతకో సరిపోయేలా దిద్దుతామనే వైద్యం మనకి కొత్త కాదు. అత్తారింట్లో అడుగు పెట్టిన మొదటిరోజు నుంచీ మనలో చాలామందికి ఆ చుక్కల మందే పోశారు. రాత్రికి దిగడం, తెల్లారేసరికి మళ్ళీ మన గుణం మనకి రావడం! ఆ వేధింపు ఎలా వుంటుందో తెలిసినవాళ్ళం, గాజు తొట్టెలోని మూగజీవి మీద మనమే దాన్ని ప్రయోగించవచ్చునా?

నేను కోరేది చిన్న కోరిక. దుకాణంలో ప్రతి తొట్టె మీదా ఒక చీటీ అంటించాలి. ఈ చేప ఏ వూరిది, ఎలాంటి నీళ్ళది, ఎంత పొడుగు పెరుగుతుంది అని మూడు ముక్కలు రాయాలి. చీరకి కూడా ఏ నూలో చీటీ అంటించి అమ్ముతున్నారు. ప్రాణమున్నదానికి అంటించలేరా? అంటించేదాకా ఆ మూడు ప్రశ్నలూ మనమే అడుగుదాం, డబ్బులు తియ్యకముందే. సీసాడు ఇంటి నీళ్ళు వెంట తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, "ఇవీ మా నీళ్ళు. వీటికి తగిన చేప వుంటే ఇవ్వు" అనండి. వుంటే తెచ్చుకుందాం. లేదూ, వాడి చెయ్యి మళ్ళీ ఆ సీసాల అర వైపే వెళ్ళిందీ, మన నీళ్ళు మనం తీసుకుని వచ్చేద్దాం. ఇంట్లో తులసికోటకైనా పనికొస్తాయి.